బాపు కనిపించని వ్యాసం
(ప్రశ్నలు - జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హుజూరాబాద్ చుట్టుపక్కల డిగ్రీ చదివేవాళ్లవి. అన్నీ రాత గురించే. క్లాసులో రాసే వ్యాసాలు, చదివి వినిపించే కథలు, సెమిస్టర్ చివర ఇచ్చే ప్రాజెక్టులు. దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపాను. కొన్నింటికి జవాబు పొడుగైంది, కొన్నింటికి రెండు మాటలే చాలాయి. ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: సార్, నేను బి.ఏ. రెండో సంవత్సరం. మాది వీణవంక పక్క ఊరు. ఈ సెమిస్టర్‌ల రచనా నైపుణ్యాల పేపరున్నది. ‘రైతు జీవితం’ మీద వ్యాసం రాయమంటే నాలుగు పేజీలు రాసిన. మంచి మంచి మాటలు వేసిన. మా మేడం మార్కులు వెయ్యలే. కింద ఎర్ర పెన్నుతోని ‘ఇందులో మీ బాపు ఎక్కడ?’ అని రాసి, మళ్ల రాసుకరమ్మన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. బాపు ముచ్చట రాస్తే అది వ్యాసమెట్లయితది? వ్యాసం కూడా జత చేస్తున్న, మీరే చెప్పుండ్రి. పోయిన చలికాలం బాపుతోని పత్తి ఏసుకొని జమ్మికుంట మార్కెట్‌కు పోయిన, అవన్నీ రాయాల్నా?

జవాబు: తమ్ముడూ, అవన్నీ రాయాలి. మీ మేడం నీకు ఈ ఏడాదికి సరిపడా చదువు ఆ ఒక్క ప్రశ్నలో చెప్పింది.

నీ నాలుగు పేజీలూ చదివాను. దేశానికి వెన్నెముక, అన్నదాత, ఆరుగాలం శ్రమ... ఇవి తప్పుడు మాటలేం కావు. కానీ నువ్వు పుట్టకముందు నుంచే అవి గైడు పుస్తకాల్లో ఉన్నాయి. కరీంనగర్‌లో కూర్చుని రాసినా కర్నూలులో కూర్చుని రాసినా ఇదే వ్యాసం వస్తుంది. రాసినవాడు పత్తి రైతు కొడుకని ఎక్కడా తెలియదు. నీ ఉత్తరం చివరన ఉన్న జమ్మికుంట మాట ఒక్కటే నీది. వ్యాసంలో ఉండాల్సింది ఉత్తరంలోకి వచ్చి పడింది.

కాబట్టి అక్కడ మొదలుపెట్టు. పత్తి వేసుకుపోయిన ట్రాలీ ఎవరిది, కిరాయి ఎంత? ఇంట్లో ఎన్నింటికి లేచారు? యార్డులో మీ కంటే ముందు ఎన్ని బండ్లున్నాయి? తేమ మిషన్ పత్తిలో గుచ్చినప్పుడు అంకె ఎంత వచ్చింది? పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమ ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, ఆపైన ఒక్కో శాతానికీ కొంత కోస్తుంది, 12 దాటితే తీసుకోదు. ఆరబెట్టుకోవాలి, లేదంటే ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకు వదులుకోవాలి. మంచు ఆరకముందే ఏరిన పత్తిలో తేమ ఎక్కువ. అయినా కూలీలు దొరికిన పూటే ఏరించుకోవాలి కదా, ఎండ ఎక్కేదాకా ఆగమంటే వాళ్లు ఇంకో చేనుకు పోతారు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. మరి నీ వ్యాసంలో వీటిలో ఒక్కటీ ఎందుకు లేదు? మన ఇంటి సంగతి చదువు కిందికి రాదని చిన్నప్పటి నుంచీ మనకు ఎవరో నేర్పారు. మీ మేడం ఆ పాఠాన్ని మరిపించాలని చూస్తోంది.

మిషన్ అంకె చూసి మీ బాపు ఏమన్నాడు? ఏమీ అనకపోతే ఎటు చూశాడు? కాంటా దగ్గర దడువాయి తూకం చెప్పినప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావు? తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ ఏం తిన్నారు? ఇవి రాయి. రైతు గొప్పవాడని వేరే చెప్పాల్సిన పని ఉండదు.

ఇగ అసలు సంగతికి వస్తాను. ఇట్లా రాసిన మొదటి ప్రతిలో మీ బాపు మంచివాడు, పత్తి అమ్మించే అడ్తిదారు దుర్మార్గుడు అవుతాడు. కానీయ్, అట్లాగే రాసి రెండు రోజులు పక్కన పెట్టు. తర్వాత మీ బాపును ఒకటి అడుగు: వానలు పడ్డప్పుడు విత్తనాలకూ మందు బస్తాలకూ పైసలు ఎవరిచ్చారు? మనవైపు చాలా ఇళ్లలో ఆ అడ్తిదారే ఇచ్చి ఉంటాడు. బాకీ ఆయన దగ్గరుంది కనుక పత్తీ ఆయన దగ్గరికే పోవాలి. ఈ మాట తెలిశాక నీ కాగితం మీద ఆ అడ్తిదారు మారిపోతాడు. మంచివాడేమీ కాడు. కానీ అతనికి ఒక ముఖం, ఒక లెక్క, ఒక పట్టు వస్తాయి. యార్డులో మీ బాపు నోరెత్తలేదని నీకు లోపల కోపముండి ఉంటే, ఆ మౌనం కూడా వేరేగా కనిపిస్తుంది.

రాస్తే మనిషి ఎదుగుతాడని సభల్లో అందరూ అంటారు. ఎప్పుడు, ఎట్లా అన్నది ఎవరూ చెప్పరు. నేను చూసినంతలో అది రెండో ప్రతి దగ్గర జరుగుతుంది. మొదటి ప్రతిలో మనకు అప్పటికే తెలిసింది రాస్తాం. రెండోసారి కూర్చున్నప్పుడు, ఎవరి గురించి రాశామో వాళ్ల వైపు మళ్లీ తిరిగి చూడాల్సి వస్తుంది, అడగాల్సి వస్తుంది. ఆ అడగడంలోనే కొడుకు పెద్దవాడవుతాడు. కాలేజీ పేపరు వల్ల నీకు దొరికేది ఇదే: నువ్వు రాసింది శ్రద్ధగా చదివి ‘మళ్లీ రాయి’ అనే ఒక మనిషి. పత్రికకు పంపితే కథ తిరిగి వస్తుంది, ఎందుకు వచ్చిందో రాదు.

రాశాక మీ బాపుకు చదివి వినిపించు. వ్యాసంలో సంధులు, సమాసాలు ఆయన చూడడు. తూకం లెక్క తప్పితే మాత్రం వెంటనే పట్టుకుంటాడు.

వీలైతే అల్లం రాజయ్య కథలు, ‘కొలిమంటుకున్నది’ నవల చదువు. ఆయనది మంథని వైపు ఊరు. మన జిల్లా రైతుకూలీల బతుకు అచ్చులో ఎట్లా నిలబడిందో చూస్తావు.

ప్రశ్న: సార్, నమస్తే. హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. క్లాసుల కథ చదివి వినిపించిన. ‘గట్ల’, ‘జెర్ర’, ‘తొవ్వ’ అన్న కాడ కొందరు నవ్విండ్రు. రాసే భాష వేరే ఉంటదంటున్నరు. అన్నీ మార్చి రాస్తే మా బాపమ్మ మాట్లాడినట్టు లేదు, టీవీల మాట్లాడినట్టున్నది. ఏం చెయ్యాలె?

జవాబు: బిడ్డా, మార్చింది తీసేసి పాతదే పెట్టు. నవ్వినవాళ్లు సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మాట్లాడేది ఆ మాటల్లోనే. వాళ్ల మీద కోపం పెట్టుకోకు. ఇంట్లో వినే భాష కాగితం మీద కనిపిస్తే వాళ్లకు కొత్తగా ఉంది, అంతే.

నీకు ముందు ఈ తొవ్వ నడిచినవాళ్లు ఉన్నారు. హుజూరాబాద్‌కు దగ్గర్లోనే ఉన్న వంగర పి.వి. నరసింహారావు గారి ఊరని నీకు తెలుసు. ప్రధానిగానే ఆయన నీకు పరిచయం. వరంగల్ నుంచి వెలువడిన కాకతీయ పత్రికలో ఆయన 1949లో ‘విజయ’ అన్న కలం పేరుతో ఒక కథ రాశారు, పేరు ‘గొల్ల రామవ్వ’. రజాకార్ల కాలం. రాత్రిపూట పోలీసులు వెంటాడుతున్న ఒక పడుచువాడు ముసలమ్మ గుడిసెలోకి వస్తాడు. ఆమె అతన్ని ఎట్లా కాపాడిందన్నదే కథ. ఆ అవ్వ పల్లె మాటే మాట్లాడుతుంది. ఆమె నోట పుస్తక భాష పెట్టి ఉంటే ఆ తెగువను మనం నమ్మేవాళ్లం కాదు. లైబ్రరీలో అడిగి చదువు. చదివాక ఒక్క పని చెయ్యి: రామవ్వ మాటలన్నీ నోటుబుక్కులో విడిగా రాసుకుని, మీ బాపమ్మ వాటిలో ఏ మాట అనేది కాదో గుర్తు పెట్టు. అప్పుడు తెలంగాణ మాటంటే ఒక్కటే కాదని, ఊరికీ కులానికీ వయసుకూ మారుతుందని తెలుస్తుంది.

కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9, మనకు తెలంగాణ భాషా దినోత్సవం. జనం పలుకుబడిలోనే రాయాలని ఆయన జీవితమంతా వాదించారు. ఆదిలాబాద్ జిల్లా సామల సదాశివ గారు ఉర్దూ, ఫారసీ సాహిత్యాల్లో, హిందుస్తానీ సంగీతంలో లోతులు చూసిన పండితులు. అంత పాండిత్యం ఉన్నా ‘యాది’ని ఎదురుగా కూర్చుని ముచ్చట చెబుతున్నట్టు రాశారు. 2011లో ఆయన ‘స్వరలయలు’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చదువు ఎక్కువైతే ఇంటి మాట వదిలేయాలని ఎవరైనా అంటే సదాశివ గారి పుస్తకం చేతికివ్వు.

పరీక్ష సంగతి వేరు. అక్కడ జవాబు పత్రం దిద్దేవాళ్లు ఎక్కడివాళ్లో తెలియదు, అందరికీ అర్థమయ్యే వాడుక భాషలో రాయి. అందులో చిన్నతనమేమీ లేదు. ఒక మనిషికి రెండు రకాల తెలుగు రావడం బలమే. కథలో మాత్రం మనుషుల సంభాషణలు వాళ్లవే ఉండాలి. కథ చెప్పే గొంతు ఏ తెలుగులో ఉండాలన్నది నీ ఇష్టం, కానీ మొదటి పేజీలో ఏది ఎంచుకుంటే చివరిదాకా దాన్నే పట్టుకో. మూడు పేరాలు పత్రిక భాష రాసి, మధ్యలో యాస కోసమని నాలుగు మాటలు చల్లితే అప్పుడు నిజంగానే అతకదు.

ప్రశ్న: నాకు 38 ఏండ్లు. బీడీలు చేస్త. ఇంటర్ కాంగనే పెండ్లయింది. ఇప్పుడు పిల్లలు పెద్దగయిండ్రు, బిడ్డ చదువుకుంటున్నది, నేను అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీల బి.ఏ. కట్టిన. పుస్తకంల ఉన్నది రాయమంటే రాస్త. సొంతంగ రాయమంటే చెయ్యి ఆడది. ఈ వయసుల నాకు వస్తదా?

జవాబు: వస్తుంది చెల్లెమ్మా. నువ్వు చేరిన విశ్వవిద్యాలయం 1982లో పెట్టింది నీలాంటివాళ్ల కోసమే. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. అక్కడ నువ్వు ఆలస్యంగా వచ్చినదానివి కాదు.

చెయ్యి ఆడకపోవడానికి కారణం నీకు మాట రాక కాదు. బీడీలు చుట్టేటప్పుడు నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే ఎన్ని ముచ్చట్లు నడుస్తాయో నాకు తెలుసు. పెన్ను పట్టగానే ఆ మాటలు ఆగిపోతున్నాయి. అందుకని ముందు పెన్ను పట్టకు. ఫోన్‌లో రికార్డింగు పెట్టి చాట పక్కన పెట్టుకో. ఆకు నానబెట్టిన దగ్గర నుంచి కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టేదాకా నీ చేతులు ఏం చేస్తున్నాయో మీ బిడ్డకు చెబుతున్నట్టు చెప్పు. కట్టలు అప్పజెప్పే చోట బాగా లేవని తీసేసిన బీడీల గురించి చెప్పు, ఆ రోజు కూలి ఎంత తగ్గిందో చెప్పు. రాత్రి దాన్ని వింటూ, అన్న మాట అన్నట్టు కాగితం మీద పెట్టు. అదే నీ మొదటి వ్యాసం. కాంటాక్టు క్లాసుకు వెళ్లిన ఆదివారం కౌన్సిలర్‌కు చూపించు. కొన్నాళ్లకు రికార్డింగు అక్కర లేకుండానే వాక్యం వస్తుంది.

మీ బిడ్డ చదువుకుంటోందని రాశావు. అక్షర దోషాలు ఆమెతో దిద్దించుకో. మాటలు మాత్రం మార్చనివ్వకు.

ప్రశ్న: సార్, నా సోపతిగాని ఇంటి ముచ్చట మీద కథ రాసిన. వాళ్ల నాయన దుబాయి పోయి అప్పులపాలై వచ్చిండు, వాడు కాలేజి బందు పెట్టి పనికి పోయిండు. పేర్లు మార్చే రాసిన. క్లాసుల అందరు మెచ్చుకున్నరు, సార్ కాలేజి పత్రికకు ఇయ్యుమన్నడు. వానికి ఎవరో చెప్పిండ్రు. వాడు నాతోని మాట్లాడుతలేడు. నేను అబద్ధమేం రాయలే కదా?

జవాబు: అబద్ధం రాయలేదు. నిజమే రాశావు, బాధ కూడా అక్కడే ఉంది.

పేర్లు మార్చడం హైదరాబాద్‌లో సరిపోతుందేమో. హుజూరాబాద్ లాంటి ఊళ్లో, అరవై మంది క్లాసులో, దుబాయి నుంచి తిరిగొచ్చిన తండ్రి, చదువు మానిన కొడుకు అనగానే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. వాడు ఇన్నాళ్లు ఎవరికీ చెప్పుకోకుండా దాచుకున్న సంగతి ఇది. నీకు సోపతిగా చెప్పాడు, కథ కోసం కాదు. క్లాసులో నీకు చప్పట్లు కొడుతున్నప్పుడు వాడు ఎక్కడో ఇటుకలు మోస్తున్నాడు. ఇది నీ మనసును తాకాలనే ఇంత గట్టిగా రాస్తున్నాను.

మన ఉత్తర తెలంగాణలో గల్ఫ్ కథ లేని ఊరు లేదు. ఏజెంటుకు కట్టిన అప్పు, చెప్పిన పని ఒకటి ఇచ్చిన పని ఒకటి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుపోవడం, అవ్వకు చెప్పకుండా దాచిన జబ్బు. వీటి గురించి రాయాల్సిందే. రాయకపోతే ఆ బాధ అంతా ఎవరికి వారు మోసుకుని పోతారు. నువ్వు రాయాలనుకోవడం తప్పు కాదు. అడగకపోవడం తప్పు.

ముందు కాలేజీ పత్రికకు ఇవ్వొద్దు. మీ సార్‌కు కారణం చెప్పు, అర్థం చేసుకుంటారు. తర్వాత వాడి ఇంటికి పో. ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకు, మనిషి మనిషిని కలవాలి. నిజమే రాశాను కదా అని వాదన మొదలుపెట్టకు. నిన్ను అడగకుండా రాశాను, అచ్చుకు ఇవ్వడం లేదు, ఈ కాగితాలు నీవే అని చెప్పి ఇచ్చిరా. వాడు వెంటనే మాట్లాడకపోవచ్చు. ఓపిక పట్టు.

ఏడాదికో రెండేళ్లకో వాడే అడగవచ్చు, రాయరా అని. అప్పుడు వాడితో కూర్చుని రాయి. నువ్వు ఊహించి రాసిన చోట్ల వాడు అసలు జరిగింది చెబుతాడు. తండ్రి తిరిగొచ్చిన రోజు నీ కథలో అందరూ ఏడుస్తారు. నిజంగా ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ ఏడ్చి ఉండకపోవచ్చు. వాడు ఎన్నటికీ అడగకపోతే ఆ కథ నీది కాదు. నీ కథ నీకు వేరే ఉంది: బందైన సోపతి గురించి, చప్పట్లు విన్న రోజు గురించి. దాన్ని రాసుకునే హక్కు నీకుంది. అందులో నిన్ను నువ్వు కాపాడుకోకుండా రాయగలిగితే, ఇప్పుడు రాసినదానికంటే మంచి కథ అవుతుంది.

ప్రశ్న: మా ఊరి చెరువు మీద ప్రాజెక్టు చాట్‌జీపీటీతో రాయించుకుంటే తప్పా సార్? అందరు అదే చేస్తున్నరు.

జవాబు: మార్కుల కోసమైతే నీకు ఎవరు రాసిచ్చినా ఒకటే, అది మోసమే. నేర్చుకోవడం కోసమైతే, మూడేళ్లు ఫీజు కట్టి, బస్సు పాసు తీసుకుని, వచ్చిన పని వేరేవాళ్లతో చేయించుకున్నట్టు అవుతుంది. నువ్వు స్వయంగా రాసిన తర్వాత, అక్షర దోషాలు చూసుకోవడానికో, తెలియని మాట అర్థం తెలుసుకోవడానికో వాడుకో. అదైనా మీ లెక్చరర్‌కు చెప్పి వాడుకో. మీ ఊరి చెరువు గురించి ప్రాజెక్టు అన్నావు. ఆ చెరువు తూము ఎప్పుడు తెగిందో, ఎవరి పొలాలు మునిగాయో నీ ఫోన్‌కు తెలియదు. నీటి పంచాయితీలు తీర్చిన ముసలాయన మీ ఊళ్లో ఎవరో ఒకరు ఇంకా ఉంటారు. ఆయన దగ్గరికి ఈ వారమే పో.

ప్రశ్న: అయ్యా, నేను ఆర్టీసీలో పనిచేస్తాను. మా బిడ్డ ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. బి.ఏ.లో తెలుగు తీసుకుంటానంటోంది, రచయిత్రిని అవుతానంటోంది. రాస్తే కడుపు నిండుతుందా? నేను ఏం చెప్పాలి?

జవాబు: తండ్రిగా మీ భయం న్యాయమైనది. తెలుగులో కథలు, కవితలు రాసి ఇల్లు గడపడం చాలా కష్టం. ఇది ఆమెకు కూడా దాచకుండా చెప్పండి.

కానీ మన జిల్లా వైపు ఒకసారి చూడండి. సి. నారాయణరెడ్డి గారు హనుమాజీపేటలో పుట్టారు. బడి నుంచి బి.ఏ. దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి, ఆ తర్వాత ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేశారు, 1962లో ఆధునిక కవిత్వం మీద డాక్టరేటు పొందారు. పాఠాలు చెబుతూనే రాశారు. 1988కి జ్ఞానపీఠం వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ గారు 1959 నుంచి 61 దాకా మన కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. సదాశివ గారు ఉపాధ్యాయులు. కాళోజీ న్యాయశాస్త్రం చదివారు. పి.వి. గారైతే రాజకీయాల మధ్యే విశ్వనాథ ‘వేయిపడగలు’ను హిందీలోకి, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను తెలుగులోకి తెచ్చారు. వీళ్లెవరూ రాతనే నమ్ముకుని బతకలేదు, బతుకు కోసం రాతను వదలనూ లేదు. మీ బిడ్డ కూడా అట్లాగే బి.ఎడ్. చేసి టీచరు కావచ్చు, ఎం.ఏ. చేసి లెక్చరర్ కావచ్చు, పత్రికలో చేరవచ్చు, గ్రూప్స్ రాయవచ్చు. నాలుగు వాక్యాలు తప్పు లేకుండా, సూటిగా రాయగలిగిన మనిషి ఏ ఆఫీసులోనైనా పనికొస్తుంది.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. ఆమె రాసింది మీరు ఎప్పుడైనా చదివారా? ఉత్తరంలో ఆ మాట లేదు. డ్యూటీ దిగి వచ్చాక ఒకరోజు అడిగి చదవండి. మెచ్చుకోనక్కర లేదు, మీకు ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి చాలు. మీ నోట విన్న బస్సు ముచ్చట ఏదో ఒకటి అందులో ఉండవచ్చు.

ఇక పని విషయం. డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ వెబ్‌సైట్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు మీరు పక్కనే కూర్చోండి. తెలుగుతో పాటు చరిత్రో రాజనీతి శాస్త్రమో ఉండేట్టు చూసుకోండి, పోటీ పరీక్షలకు అక్కరకొస్తాయి. ఆప్షన్ పెట్టకముందే కాలేజీకి స్వయంగా వెళ్లి మూడు సంగతులు కనుక్కోండి: తెలుగుకు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, లైబ్రరీ రోజూ తెరుస్తారా, పిల్లలు రాసిన కాగితాలు దిద్ది వెనక్కి ఇస్తారా. మూడోదానికి అవునంటే, కాలేజీ కొంచెం దూరమైనా సరే, అక్కడే చేర్పించండి.